ఇల్లు కనిపించని వైపు

మా మామగారు జీవితంలో ఒకే ఒక్క అబద్ధం ఆడారు. అదీ చేపల విషయంలో.

గాలం పట్టినవాడెవడైనా చేపల విషయంలో అబద్ధమాడతాడు, ఇందులో వింతేముంది అనుకోకండి. ఆయన గాలం పట్టే మనిషి కాదు, చేపల్ని లెక్కపెట్టే మనిషి. మా చెరువుకు ఇరవై ఆరేళ్లుగా ఆయనే కాపలాదారు. కాగితాల మీద దాన్ని సరస్సు అని రాస్తారు గానీ, చుట్టూ నడిచి రావడానికి గంట పట్టదు. ఇటువైపు ఒక చెక్క రేవు, రేవు పక్కన మేముండే క్వార్టరు, దాని వెనక పడవల షెడ్డు. పన్నెండు పెడల్ పడవలు, నాలుగు తెడ్ల పడవలు. సెలవు రోజుల్లో ఊరి జనం వచ్చి పడవలెక్కుతారు, గట్టున కూర్చుని గాలాలు వేస్తారు, పిల్లలు నీళ్లలో చెప్పులు పోగొట్టుకుని ఏడుస్తారు.

ఆ పడవలు బాగుచేసేవాణ్ణి నేను. ఇంటి అల్లుణ్ణి. పెళ్లయ్యాక రెండు నెలలుండి వెళ్దామని వచ్చి, ఆ వేసవికి తొమ్మిదేళ్లుగా ఉన్నవాణ్ణి. ఎవరైనా ఎగతాళి చేస్తే, "వాళ్లు నన్ను పట్టి వదిలేశారండీ, నేనే ఈదుకుంటూ వెనక్కొచ్చాను" అనేవాణ్ణి. దానికి అందరికంటే ఎక్కువ నవ్వేది మా అత్తయ్యే.

చేపల లెక్క సంగతి ముందు చెప్పాలి. మా చెరువులో ఎక్కువగా ఉండేది జానెడు పొడవు తెల్లచేప. ఆఫీసువాళ్లు దానికి నోరు తిరగని పేరేదో రాస్తారు, మేం వెండిపిల్ల అంటాం. ఏటా వేసవి మొదట్లో మామయ్య విసురువలతో రెండు వందల వెండిపిల్లల్ని పట్టి, పొట్ట కిందుండే చిన్న రెక్క కొసను చిన్న కత్తెరతో కత్తిరించి వదిలేస్తారు. చేపకు నొప్పి ఉండదంటారు, నేనైతే అడగలేదు. ఏడాదికల్లా ఆ రెక్క మళ్లీ పెరుగుతుంది. నెల గడిచాక నూటయాభై చేపల్ని పట్టి చూస్తారు. వాటిలో రెక్క కత్తిరించినవి తక్కువుంటే చెరువు నిండా చేపలున్నట్టు, ఎక్కువుంటే చేపలు కరువైనట్టు.

వచ్చిన కొత్తలో ఇది నా బుర్రకెక్కలేదు. ఆదివారాల్లో గాలం వేయడానికొచ్చే టైలర్ గారు ఆ పూట రేవు మీదే ఉన్నారు. ఆయన ఎర తెచ్చుకునేది పాత బొత్తాల డబ్బాలో. పై అరలో వానపాములు, కింద అరలో ఇంకా బొత్తాలే. మామయ్య ఆ డబ్బా తీసుకుని కింద అర తెరిచారు.

"ఇందులో తెల్ల బొత్తాలెన్నో నీకు తెలీదు కదా. పది ఎర్రవి వేశాను. మూతపెట్టి బాగా కుదుపు. ఊఁ, ఇప్పుడు గుప్పెడు తియ్యి. ఎర్రవెన్నొచ్చాయి?"

"ఒకటే."

"అంటే తెల్లవి బోలెడున్నట్టు."

"కుదపకుండా తీస్తే?"

"నేను పైన వేసిన ఎర్రవే నీ చేతికొస్తాయి. అది లెక్క కాదు, మోసం." డబ్బా టైలర్ గారికిచ్చేస్తూ అన్నారు. "చెరువును కుదపలేం కదా, అందుకని మనమే తిరగాలి. పది చోట్ల పట్టాలి, పది చోట్ల చూడాలి."

ప్రతి ఏడూ అలాగే తిరిగేవారు. చేపల ఆఫీసువాళ్లు ఆయన కాగితాలు చూపించి మిగతా చెరువులవాళ్లకు పని నేర్పించేవారు.

నేను చెబుతున్న ఏడాది, చలికాలం చివర, అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. మామయ్య చెరువు అటువైపు ఒంపులో తుంగ కోస్తున్నారు. నా భార్య ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర పనికి వెళ్లింది. నేను షెడ్డులో రేడియో పెద్దగా పెట్టుకుని పెడల్ గొలుసులు బిగిస్తున్నాను. వంటింట్లో పడిపోయిన మనిషి, మామయ్య తిరిగొచ్చేదాకా రెండు గంటలు నేలమీదే ఉంది. షెడ్డుకూ వంటింటికీ మధ్య ఇరవై అడుగులు. దాని గురించి ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ రేడియో మళ్లీ పెట్టలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అత్తయ్యకు మిగిలింది ఒక్క మాట. "అదే." ఆకలైతే అదే, కోపమొస్తే అదే, కూతురు తల దువ్వితే అదే. మా అందరికీ అది పెద్ద చిక్కుగా ఉండేది. మామయ్యకు మాత్రం ఏ అదే ఎందుకో తెలిసిపోయేది. "ఈ అదేకి కిటికీ వెయ్యాలి," అంటూ లేచేవారు. "ఇది నిన్న పప్పులో ఉప్పెక్కువైందన్న అదే. ఇవాళ గుర్తొచ్చినట్టుంది."

కసరత్తు నేర్పించే అమ్మాయి వచ్చి, కుడిచేతిలో రబ్బరు బంతి పెట్టి రోజుకు వందసార్లు పిసకమంది. మూడోరోజు అత్తయ్య ఆ బంతిని ఎడమచేత్తో తీసి చెరువులోకి విసిరేసింది. అది రేవు పక్కన పడగానే వెండిపిల్లలు తిండి అనుకుని మూగాయి, ముక్కులతో పొడిచాయి, మోసపోయామని తెలిసి చెదిరిపోయాయి. అత్తయ్య పకపకా నవ్వింది. పడిపోయాక అదే మొదటి నవ్వు.

మర్నాటి నుంచి మామయ్య పొద్దున్నే ఆవిడ కుర్చీ రేవు చివర వేసి, మిగిలిపోయిన రొట్టె ఒళ్లో పెట్టేవారు. ఎడమచేత్తో రొట్టె పట్టుకోవాలి, కుడిచేత్తో తుంచాలి. అదే కసరత్తు. మొదట్లో ఒక్క ముక్క తుంచడానికి పావుగంట పట్టేది. చెంచాతో రేవు చెక్క మీద టకటకా కొట్టి ముక్క వదిలేది. నెల తిరిగేసరికి, చెంచా చప్పుడైతే చాలు, రేవు కింద నీళ్లు కుతకుతలాడేవి. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే పనిలోకి వచ్చాయి. మిగతా రోజంతా ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. పొద్దున్న ఆ రెండు గంటలు మాత్రం మా పాత అత్తయ్యే.

వేసవి మొదలైంది. లెక్క మొదలుపెట్టే రోజు నేను వల భుజాన వేసుకుని బయల్దేరితే మామయ్య ఆపారు.

"నువ్వు పడవలు చూసుకో బాబూ, జనం వస్తారు. ఇది నేను చూసుకుంటాలే."

"మరి మీరు అటు వెళ్తే అత్తయ్య దగ్గర నేనుంటాను మామయ్యా."

"నువ్వుంటే నాకేం భయం?" అన్నారు. అని, అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు. పొద్దున్నే ఆవిడ చేపలకు రొట్టె వేస్తుంటే, పక్కనే నిలబడి ఆయన వల వేసేవారు. ఒకపక్క తిండి, ఇంకోపక్క కత్తెర. ఇక్కడ పనయ్యాక అటువైపు కూడా వెళ్లొస్తారనుకున్నాను. నేను చూడనప్పుడు వెళ్తున్నారనుకున్నాను. మనం అనుకోవాలనుకున్నది అనుకోవడం ఎంత తేలికో. నెల గడిచింది. రెండో విడత కూడా అలాగే జరిగింది. చివరిరోజు బల్ల దగ్గర కూర్చుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, కాగితం వంకే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా తాగలేదు.

పది రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆఫీసరమ్మ స్కూటరు మీద వచ్చింది. అత్తయ్య నిద్రపోతోంది, రేవు ఖాళీగా ఉంది. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లుండవు. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, కళ్లజోడు, చంకలో ప్లాస్టిక్ కవరు.

"పెద్దాయనా, ఏమైంది చెరువుకి? పోయినేడు లెక్కలో అయిదు వేలని తేలింది. ఈసారి రెండొందల యాభయ్యా? మందులేవైనా కలిశాయా? దొంగచాటుగా ఎవరైనా వలలేస్తున్నారా?"

"నేను చూసిన అంకే రాశానమ్మా," అన్నారు మామయ్య.

"అయ్యో, మీ అంకె మీద నాకు అనుమానమా? వేరే ఎవరైనా రాసుంటే మళ్లీ తియ్యమనేదాన్ని. మీరు రాశారు కాబట్టే ఇంత దూరం వచ్చాను."

ఆయన తల వంచుకున్నారు. వినయం అనుకున్నాను.

ఆ కవర్లో నోటీసు ఉంది. మూడేళ్లపాటు చెరువు మూత. గాలాలు లేవు, పడవలు లేవు. జనం దిగకుండా రేవు చెక్కలు ఊడదీస్తారు, క్వార్టరుకు తాళం వేస్తారు. మమ్మల్ని ఊళ్లో ఆఫీసు మేడ మూడో అంతస్తులో రెండు గదుల్లోకి మారుస్తారు. గడువు నెల రోజులు. ఆ అమ్మాయి చెడ్డది కాదు. చెబుతున్నంతసేపూ కళ్లజోడు తుడుచుకుంటూనే ఉంది.

సాయంత్రం నా భార్య ఇంటికొచ్చి నోటీసు చదివింది. మళ్లీ చదివింది. మడిచి బల్లమీద పెట్టి, నన్ను షెడ్డులోకి లాక్కెళ్లింది.

"అమ్మని మూడో అంతస్తులో పెడితే ఏం చేస్తుంది? కిటికీలోంచి రోడ్డు మీదకి రొట్టె వేస్తుందా?"

"ఏదో ఒకటి చూద్దాం."

"ఆ చెయ్యి మళ్లీ ముడుచుకుపోతుంది. ఆ చెయ్యే కాదు, మనిషే ముడుచుకుపోతుంది. నాన్న మాట్లాడరు, నువ్వు మాట్లాడవు, అమ్మకి మాట లేదు. ఈ ఇంట్లో నోరున్నది నాకొక్కదానికేనా?"

నేను పానాలు సర్దుతూ నిలబడ్డాను. పోనీ సర్దాల్సిన పానాలైనా కావు.

ఆ ఆదివారం టైలర్ గారు షెడ్డులోకి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు. ఆయన మా చెరువుకు పెద్ద జోకు. పదేళ్లుగా ప్రతి ఆదివారం రావడం, సాయంత్రం ఖాళీ బుట్టతో వెళ్లడం. "ఏమైనా పడ్డాయా?" అంటే, "నా మొహం చూసి ఏ చేప వస్తుందండీ" అనడం. పిల్లలు కూడా ఆయన్ని 'ఖాళీబుట్ట' అనేవారు.

"అల్లుడుగారూ, ముందు ఒట్టెయ్యండి, నవ్వనని."

"నవ్వను, చెప్పండి."

"నాకు పడతాయి."

"ఏంటి?"

"చేపలండీ. ప్రతివారం పడతాయి. తెగ పడతాయి. అటువైపు ఒంపులో, తుంగ వెనక నాకొక చోటుంది. చెప్తే ఊరంతా అక్కడికే వస్తారని చెప్పలేదు. పట్టిందల్లా చూసుకుని వదిలేస్తాను. ఇంట్లో కూడా చెప్పలేదు. పాపం, నాకేమీ పడవని మా ఆవిడ జాలిపడి, ఆదివారం పూట పనులు చెప్పడం మానేసింది. పదేళ్లుగా ఆ జాలి మీద బతుకుతున్నాను."

నవ్వనని ఒట్టు పెట్టిన మనిషిని. పళ్లు బిగబట్టుకున్నాను.

"ఇవాళ పొద్దున పద్నాలుగు పడ్డాయి," అన్నారాయన. "చెరువులో ఉన్నవే రెండొందల యాభై అయితే, నా ఒక్కడి గాలానికి వారం వారం ఇన్నెందుకు పడతాయి? ఇంకోటి చెప్పనా. ఈ వేసవంతా నేను పట్టినవాటిలో రెక్క కత్తిరించింది ఒక్కటంటే ఒక్కటి చూళ్లేదు."

నాకు నవ్వు పోయింది. నా చేతిలోని గొలుసు కింద పెట్టి, పడవ అంచు మీద కూర్చున్నాను. అటువైపు చేపలకు కత్తిరింపు లేదు. ఇటువైపు చేపలన్నిటికీ ఉంది. చెంచా చప్పుడుకి రేవు కిందే కాపరం పెట్టిన చేపలవి. వాటినే పట్టి, వాటినే కత్తిరించి, మళ్లీ వాటినే పట్టి చూశారు. కాగితం నకలు బల్ల సొరుగులో ఉంటే వెళ్లి తీసి చూశాను. అంకెలు నిజమే. నూటయాభైలో కత్తిరింపు ఉన్నవి నూట ఇరవై అని నిజాయితీగా రాశారు. 'పట్టిన చోట్లు' అనే గడిలో మాత్రం, ప్రతి ఏడూ రాసే పది చోట్ల పేర్లూ వరసగా ఉన్నాయి. ఆయన అందమైన చేతిరాతలో.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? మామగారూ, మీరు తప్పు చేశారని అల్లుడు ఏ నోటితో అంటాడు? అందులోనూ, రేడియో పెట్టుకుని కూర్చున్న అల్లుడు?

"టైలర్ గారూ, మీ డబ్బా ఒక్కరోజు ఇస్తారా?"

"వానపాములతోనా?"

"వానపాములు మీరే ఉంచుకోండి."

మర్నాడు పొద్దున్న రేవు మీద అత్తయ్య రొట్టె తుంచుతోంది. మామయ్య ఆవిడ కుర్చీ పక్కన చెక్క మీద కూర్చుని, చినిగిన వల కన్నాలు కుడుతున్నారు. నేను వెళ్లి బొత్తాల డబ్బా ఆయన పక్కన పెట్టి, కింద అర తెరిచాను. అడుగున తెల్లవి. పైన, కలపకుండా, పది ఎర్రవి. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను.

ఆయన సూది ఆపి చూశారు. తర్వాత మూత పెట్టేశారు.

"కుదపలేదు," అన్నారు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. కాళ్ల కింద నీళ్లలో వెండిపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పక్కకి తిరిగినప్పుడల్లా కత్తిరించిన రెక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"చేపలు నెలలో కలిసిపోతాయనుకున్నాను బాబూ. ఒక్కచోటే పట్టినా పెద్ద తేడా రాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. మీ అత్తయ్య రొట్టె సంగతి లెక్కలోకి తీసుకోలేదు. అంకె చూసిన రోజే తెలిసిపోయింది. అంకె మార్చి రాయడానికి చెయ్యి రాలేదు. నిజం రాయడానికీ రాలేదు."

"అటువైపు ఒక్కపూట వెళ్లొస్తే సరిపోయేది కదా మామయ్యా."

ఆయన వల కన్నంలోంచి సూది లాగారు.

"అటు వెళ్తే ఇల్లు కనిపించదు."

"ఆ రోజు నేను రేడియో..." అన్నాను. ఇన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆయన పూర్తి చెయ్యనివ్వలేదు.

"నువ్వు పాట విన్నావు. నేనక్కడ తుంగ కోస్తూ పాట పాడుకున్నాను. ఇద్దరికీ వినపడలేదు. నీ తప్పేంటి?"

నేను ఏడ్చాను. ముప్పై ఆరేళ్లవాణ్ణి, మామగారి పక్కన కూర్చుని, చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు, నావైపు చూడకుండా వల కుట్టుకున్నారు.

"అదే," అంది అత్తయ్య గట్టిగా, చెయ్యి చాపి.

"బొత్తాలు చూపించమంటోంది," అన్నారు మామయ్య. డబ్బా ఒళ్లో పెడితే, ఎర్ర బొత్తం ఒకటి కుడిచేతి వేళ్లతో తీసి, చెంచాతో టకటకా కొట్టి నీళ్లలో వేసింది. ఒక వెండిపిల్ల ఆత్రంగా మింగబోయి ఉమ్మేసింది. తొమ్మిది ఎర్ర బొత్తాలే ఎందుకున్నాయని టైలర్ గారు ఇప్పటికీ నన్నడుగుతూనే ఉంటారు.

ఆ మధ్యాహ్నం మామయ్య తెల్లకాగితం తీసుకున్నారు. ఒకసారి వచ్చిన లెక్కను మళ్లీ తీయాలంటే, మొదటిది తప్పని తీసినవాళ్లే రాసివ్వాలి. అది రూలు. ఆయన రాసింది రెండు వాక్యాలు. 'ఈ ఏడాది చేపల్ని రేవు దగ్గర ఒక్కచోటే పట్టాను. మిగతా తొమ్మిది చోట్ల పేర్లు వెళ్లకుండానే రాశాను.' ఎందుకు అన్నది రాయలేదు. సంతకం పెట్టి, మడిచి నాకిచ్చారు. "ఇచ్చేసి రా. దారిలో రొట్టె కూడా పట్రా, అయిపోయింది."

ఆఫీసరమ్మ మూడోరోజు వచ్చింది. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది.

"మీ కాగితాలు చూపించి నేను పాఠాలు చెప్పాను పెద్దాయనా."

"అవునమ్మా."

"ఇకపై మీరు లెక్కపెట్టకూడదు. ఈసారీ, ఎప్పుడూ."

"అలాగేనమ్మా."

అంతే. ఇరవై ఆరేళ్ల పని అలా పోయింది. ఆయన మొహంలో నాకు బాధ కనిపించలేదు. బరువు దించుకున్న మనిషిలా ఉన్నారు.

"నేనే లెక్కపెడతాను. మీ అల్లుడుగారు వల వేస్తారు. పడవ ఎవరు నడుపుతారు?"

"పడవ నేను నడుపుతాను," అన్నారు మామయ్య. "కానీ అమ్మా, మా ఆవిడ కూడా వస్తుంది."

ఆమె కుర్చీలో ఉన్న అత్తయ్యను చూసింది. రేవు కింద మూగిన చేపల్ని చూసింది. అత్తయ్య ఒళ్లో రొట్టెను చూసింది. చేతిలోని కాగితాన్ని మళ్లీ చూసింది. కాగితంలో రాయనిది ఆమెకు అప్పుడు అర్థమైందనుకుంటాను. వెళ్లి షెడ్డులోంచి మెత్త తనే తెచ్చింది.

అన్నిటికంటే వెడల్పైన తెడ్ల పడవ దించాం. అత్తయ్యకు తేలే జాకెట్టు తొడిగి, వెనక బల్ల మీద మెత్త వేసి కూర్చోబెట్టాం. చెంచా వదల్లేదు, దాంతోనే ఎక్కింది. ఆమె పక్కన ఆఫీసరమ్మ, ముందు కొసన వలతో నేను, మధ్యలో తెడ్ల దగ్గర మామయ్య. తెడ్డు వేసే మనిషి పడవ వెళ్లే వైపు చూడడు, వెనక్కి తిరిగి కూర్చుంటాడు. తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్న సంగతే, ఆ రోజే పట్టించుకున్నాను. ఇల్లు చిన్నదవుతూ వచ్చింది. తుంగ మలుపు దగ్గర షెడ్డు కప్పు ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ లేదు. మామయ్య తెడ్లు ఒక్క క్షణం ఆగాయి. ఎదురుగా అత్తయ్య పడవ అంచు మీద చెంచాతో తాళం వేసుకుంటోంది. తెడ్లు మళ్లీ కదిలాయి.

మొదటిచోటు టైలర్ గారి రహస్యమే. వల బరువుగా వచ్చింది. ఆఫీసరమ్మ ఒక్కో చేపనూ తీసి, తిప్పి రెక్క చూసి, అంకె పైకి చెప్పి నీళ్లలో వదులుతోంది. పదిహేను. పదహారు. పదిహేడు. ఆ తర్వాతిది ఒక గట్టి పిండం. చేతిలో ఎగిరి తోకతో ఆమె చెంప మీద ఒక్కటిచ్చింది. కళ్లజోడు ఎగిరి పడవ అడుగున పడింది. ఒక చేత్తో చేపను పట్టుకుని, ఇంకో చేత్తో కళ్లజోడు కోసం తడుముకుంటోంది.

"పద్దెనిమిది."

మామయ్య అన్నారనుకున్నాను. మామయ్య నోరు మూసుకునే ఉంది.

"పద్దెనిమిది," అంది అత్తయ్య మళ్లీ, విసుగ్గా. ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు ఆఫీసరమ్మను చూస్తూ.

ఆఫీసరమ్మ కళ్లజోడు వెతకడం మానేసి, ఆ చేప రెక్కను అత్తయ్య కళ్ల ముందు పెట్టింది. రెక్క నిండుగా ఉంది. చేపను వదిలింది. ఇంకోటి తీసింది.

"పంతొమ్మిది," అంది అత్తయ్య.

కసరత్తు అమ్మాయి తర్వాత చెప్పింది. మాటలు పోయినవాళ్లలో కొందరికి, చిన్నప్పుడు వరసగా నేర్చుకున్నవి పోకుండా ఉంటాయట. అంకెలు, వారాల పేర్లు, అలాంటివి. మొదలంటూ దొరికితే అవే వస్తాయట. కావచ్చు. పడవలో ఉన్న మాకు అదేమీ తెలీదు. మామయ్య తెడ్లు వదిలేసి, పక్కకి వంగి, దోసిలితో నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నారు. "ఎండ బాగా ఉంది," అన్నారు. ఆ రోజు పొద్దుట్నుంచీ మబ్బే.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పది చోట్లా కలిపి నూటయాభై చేపలు పట్టాం. రెక్క కత్తిరించినవి అయిదు. చెరువులో దాదాపు ఆరు వేల వెండిపిల్లలున్నాయని తేలింది. నోటీసు ఉన్న ప్లాస్టిక్ కవరును ఆఫీసరమ్మ తన సంచీలో పెట్టేసుకుంది. కాగితంలో 'లెక్కించినవారు' అనే గడి దగ్గర పెన్ను ఆపి ఆలోచించి, 'కాపలాదారు భార్య' అని రాసి, పెన్ను అత్తయ్య చేతికిచ్చింది. అత్తయ్య ఎడమచేతికి కాదు, కుడిచేతికి తీసుకుని ఒక వంకర గీత గీసింది. ఇప్పుడు ఏటా లెక్కకు ఆఫీసరమ్మే వస్తుంది. ఆ నెల రోజులూ రేవు దగ్గర రొట్టె బంద్. ఆ నెలలో అత్తయ్య అనే అదేలకు అర్థం మామయ్యను అడిగినా చెప్పరు.

ఆ రోజు లెక్క ముగిశాక, స్కూటరు గేటు దగ్గరుందని ఆఫీసరమ్మ అటువైపు ఒడ్డునే దిగిపోయింది. తిరుగు ప్రయాణంలో పడవలో ముగ్గురమే. సన్నగా చినుకులు మొదలయ్యాయి, ఆ వేసవికి అవే మొదటి చినుకులు.

"చలేస్తోందా?" అన్నారు మామయ్య.

"అదే."

ఆయన ఇంకో నాలుగైదు తెడ్లు వేశారు. అప్పుడాయన, ఎవరికీ వినపడకూడదన్నట్టు, మెల్లగా అన్నారు.

"ఒకటి."

అత్తయ్య ఆయన్ని చూసింది. "రెండు."

"మూడు."

"నాలుగు."

నేను వాళ్లవైపు చూడకుండా, చిక్కుపడని వలకు చిక్కులు తీస్తూ కూర్చున్నాను. ముప్పైల్లో ఆయన కావాలని ఒక అంకె తప్పారు. అత్తయ్య చెంచాతో ఆయన మోకాలి మీద ఒకటి వేసి, సరైనది చెప్పింది. ఇద్దరూ నవ్వారు. తుంగ మలుపు దాటాం. ఇల్లు కనిపించింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

రేవు తగిలేసరికి రెండు వందలు దాటారు. దూకి తాడు కట్టాల్సింది నేను. లేస్తే పడవ కదులుతుందని, వాళ్ల మాటలు పూర్తయ్యేదాకా తాడు చేత్తో పట్టుకుని వానలో అలాగే కూర్చున్నాను.